రైలు పెట్టెలో వార్తల తెర: అపోహలు - వాస్తవాలు

రోజూ రైలెక్కే జనం తలెత్తి చూసే తెరలు ఉంటాయే, వాటికి వార్తలు, చిన్న వీడియోలు తయారు చేయడం నా పని. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగి, జవాబు విన్నాక సలహాలు మొదలుపెడతారు. ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: ఏదో ఒక న్యూస్ చానల్ కలిపేస్తే అయిపోయె.

వాస్తవం: హైదరాబాద్ మెట్రోనే చూడండి. 69 కిలోమీటర్లకు 57 స్టేషన్లు. అంటే ప్రతి కిలోమీటరు పైచిలుకుకీ తలుపులు తెరుచుకుంటాయి. చానల్లో యాంకరమ్మ "చిన్న బ్రేక్ తర్వాత" అని మళ్లీ వచ్చేలోపు, అమీర్‌పేటలో ఎక్కినాయన ఖైరతాబాద్‌లో దిగిపోతాడు. అందుకే మా వార్త ఒక్కోటి 10, 15 సెకన్లే. జ్యూరిచ్‌లో 1999లో ప్రయాణికుల కోసం మొదలైన ఉచిత పత్రిక అయితే తన పేరే '20 మినుటెన్' అని పెట్టుకుంది, అంటే 20 నిమిషాలు, ప్రయాణంలో అంతసేపట్లో చదివేయొచ్చని. వీడియోలు రాత్రిపూట డిపోలో వైఫై మీద రైల్లోని సర్వర్‌కు ఎక్కిస్తాం. పగలు మొబైల్ నెట్ మీద వచ్చేది హెడ్‌లైన్లే. ప్రతిదానికీ గడువు పెట్టాలి. లేకపోతే పొద్దున రాసిన 'భారీ వాన' సాయంత్రం మండే ఎండలోనూ తిరుగుతూనే ఉంటుంది.

అపోహ: సౌండ్ లేని బొమ్మ ఎవరు చూస్తారు?

వాస్తవం: సౌండ్ పెట్టి చూసినవాళ్ల కథ వినండి. 1940ల చివర్లో వాషింగ్టన్ ట్రాముల్లో, బస్సుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టి ఎఫ్ఎం రేడియో వినిపించారు. పాటలు, మధ్యలో ప్రకటనలు. విసిగిన ప్రయాణికులు కోర్టుకెక్కితే, కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1952లో రేడియోకు అడ్డు చెప్పేది లేదని తీర్పొచ్చింది. నాకు నచ్చేది తీర్పు కాదు. ఈ రేడియో బాధితుల్లో తానూ ఒకణ్నంటూ జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ విచారణ నుంచే తప్పుకున్నారు! బస్సెక్కక తప్పని మనిషికి వినక తప్పని గతి పట్టించకూడదని జస్టిస్ డగ్లస్ విడిగా, తీర్పుకు వ్యతిరేకంగా రాశారు.

టోక్యో వాళ్లు ఆ గొడవే లేకుండా చేశారు. 2002లో యమనోతే లైన్ కొత్త రైళ్లలో ప్రతి తలుపు మీదా రెండేసి తెరలు పెట్టారు. ఒకదాంట్లో వచ్చే స్టేషన్, రెండోదాంట్లో వార్తలు, వాతావరణం, ప్రకటనలు. చప్పుడు లేదు.

అపోహ: అందరి చేతుల్లో ఫోన్లుండగా ఈ తెర దండగ.

వాస్తవం: ఆఫీసు టైములో ఎక్కి చూడండి. ఒక చేయి హ్యాండిల్ మీద, ఇంకో చేయి లంచ్ బ్యాగు మీద. ఫోన్ తీసే చేయేదీ? సీటు దొరికినవాళ్లు మాత్రం మాకు దక్కరు, ఒప్పుకుంటాను. వాళ్లు తలెత్తేది ఏ స్టేషనొచ్చిందో చూడటానికే. ఆ ఒక్క చూపులోనే మా హెడ్‌లైన్ పడాలి.

ఒక చోట, ఊరూ సంస్థా వద్దు లెండి, ఓ ప్రకటనకు తెర మొత్తం ఇచ్చేశాం. ఆ తెర కిందే నిలబడి ఉంటే ఓ పెద్దావిడ "ఏ స్టేషనొచ్చింది నాయనా?" అంది. పైకి చూస్తే పట్టుచీర రెపరెపలాడుతోంది. నాకూ తెలియలేదు. అప్పటి నుంచి స్టేషన్ పేరును ఏ ప్రకటనా కప్పకూడదని మా వాళ్లతో పోట్లాడుతూనే ఉన్నాను.

అపోహ: షాపులో దొరికే టీవీ బిగిస్తే చవకగా పోతుంది.

వాస్తవం: నాలుగు నెలలు కూడా ఆగదు. రైల్లో ఊపు, వేడి, కరెంటు హెచ్చుతగ్గులు వేరు. యూరప్ ప్రమాణాలనే అడిగితే ఎలక్ట్రానిక్స్‌కు ఈఎన్ 50155, మంటల భద్రతకు ఈఎన్ 45545 దాటాలి.

అపోహ: ఇంగ్లిష్ హెడ్‌లైన్ తీసేసి తెలుగు పెడితే చాలు.

వాస్తవం: మా అసలు తలనొప్పి ఇదే. ఇంగ్లిష్ కొలతకు గీసిన పట్టీలో తెలుగు పెడితే కింద వత్తులు కోసుకుపోతాయి. 'పల్లెల్లో పచ్చని పంటలు' కాస్తా 'పలెలో పచని పంటలు' అవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలకు వత్తులు అతకడం రాకపోతే ఇంకా ఘోరం. ఓసారి నేనే సరిచూసి పంపిన 'ముఖ్యమంత్రి' రైల్లో 'ముఖ్‌యమంత్‌రి'గా రోజంతా తిరిగారు. నా కంప్యూటర్‌లో బాగానే ఉంది మరి. ఇప్పుడు కొత్త తెర వస్తే ముందు 'రాష్ట్రం', 'లక్ష్మి' వేసి, పెట్టె చివరికి నడిచి వెళ్లి, రైలు కదులుతుండగా చదువుతాను.