తెగిన వేలు, ఐస్ ముక్కలు: చేతి గాయాలపై అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి క్యాజువాలిటీ నుంచి ఫోన్ వచ్చింది. 14 ఏళ్ల అబ్బాయి, పశువులకు గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పడింది, కుడి చూపుడు వేలు, మధ్య వేలు తెగిపోయాయి, రెండూ తెస్తున్నారు. "ఎలా తెస్తున్నారు?" అని అడిగాను. "ఐస్‌లోనే పెట్టారట సార్, పర్లేదు" అంది సిస్టర్. నా టెన్షన్ అక్కడే మొదలైంది.

వచ్చారు. తండ్రి ఒళ్లో స్టీలు క్యారియర్. మూత తీస్తే చేపల దుకాణంలో పగలగొట్టి ఇచ్చిన ఐస్ గడ్డలు, వాటి మధ్య రెండు వేళ్లు. ఫోర్సెప్స్‌తో తీసి ట్రేలో పెడితే టక్కుమని చప్పుడైంది. మాంసం అలా చప్పుడు చెయ్యకూడదు. తెల్లగా, కొవ్వొత్తి ముక్కలా గట్టిగా ఉన్నాయి. "దారిలో రెండు చోట్ల బండి ఆపి ఐస్ మార్పించాను సార్" అన్నాడాయన.

రాత్రంతా చేశాం. ఎముకకు వైర్లు వేసి, టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు) కలిపి, మైక్రోస్కోప్ కింద మిల్లీమీటరు మందం రక్తనాళాలను వెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్టాం. రక్తం రాకుండా నాళానికి పెట్టిన క్లాంప్ తీయగానే వేలు ఎర్రబడింది. పది నిమిషాల్లో మళ్లీ తెల్లబడింది. విప్పి చూస్తే నాళం లోపలి పొర పొరలుగా ఊడిపోతోంది, రక్తం గడ్డకట్టేసింది. తెల్లారేలోగా మూడుసార్లు విప్పి కుట్టాం. మూడో రోజుకు రెండు వేళ్లూ నల్లబడ్డాయి, తీసేశాం. తండ్రి నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "ఐస్ ఏమైనా తక్కువైందా సార్?"

ఈ పోస్టు రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే.

అపోహ: తెగిన వేలిని ఐస్‌లో పెడితే బతుకుతుంది.

ఆ తండ్రి తప్పేమీ లేదు. బిడ్డ వేళ్లను ఒళ్లో పెట్టుకుని 90 కిలోమీటర్లు వచ్చాడు. ఎవరో చెప్పింది నమ్మి, అంతకంటే శ్రద్ధగా చేశాడు. నా కోపమంతా "వేలు తెగితే వెంటనే ఐస్‌లో పెట్టండి" అని సగం మాట ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద. ఆ సగం మాట వల్ల ఎన్ని వేళ్లు పోతున్నాయో మాకు తెలుసు.

వేలు చల్లగా ఉండాలి, కానీ ఐస్ వేలికి తగలకూడదు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉంటుంది. ఉప్పు కలిస్తే ఇంకా చల్లబడుతుంది. అది నేరుగా తగిలితే కణాల్లోని నీరు గడ్డకట్టి కణాలను చీల్చేస్తుంది. ముందు దెబ్బతినేది రక్తనాళం లోపలి సన్నని పొర. ఆ పొర పోయిందంటే మేము ఎంత బాగా కుట్టినా అందులో రక్తం పారదు, గడ్డకడుతుంది.

మరేం చెయ్యాలి? ముక్క మీద మట్టి ఉంటే శుభ్రమైన నీళ్లతో, దొరికితే సెలైన్‌తో, ఒక్కసారి కడగండి. రుద్దొద్దు. శుభ్రమైన గుడ్డనో, కట్టు కట్టే గాజ్ గుడ్డనో తడిపి, గట్టిగా పిండి, అందులో చుట్టండి. దాన్ని చిరుగు లేని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, నీళ్లు లోపలికి పోకుండా బిగించి ముడెయ్యండి. ఇంకో డబ్బాలో సగం నీళ్లు, సగం ఐస్ పోసి, ముడేసిన కవర్‌ను అందులో పెట్టండి. ఐస్ దొరకలేదా? చల్లటి నీళ్లయినా సరే. అదీ లేదా? తడి గుడ్డలో చుట్టి కవర్‌లో పెట్టి బయల్దేరండి. ఐస్ కోసం అరగంట తిరగొద్దు.

వేలిని నేరుగా నీళ్లలో వేసినా నష్టమే. నాని, ఉబ్బి, నాళాలు దొరకడం కష్టమవుతుంది. పాలు, కొబ్బరి నీళ్లు, స్పిరిట్, డెటాల్, పసుపు, అన్నిట్లోనూ తెచ్చినవాళ్లను చూశాను. ఏదీ వద్దు.

వేలు తెగిన చేతిని పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. మామూలుగా రక్తం దానికే ఆగుతుంది. తాడుతోనో సైకిల్ ట్యూబుతోనో చేతిని బిగించి కట్టకండి, ఉన్న చెయ్యి కూడా దెబ్బతింటుంది. వేలు కొంచెం తోలు మీద వేలాడుతుంటే దాన్ని కొయ్యొద్దు. ఆ కొంచెం తోలులోనే ఒక సిర బతికి ఉండొచ్చు. ముక్క నలిగిపోయింది కదా అని పారెయ్యొద్దు, అతకకపోయినా దాని చర్మం, గోరు మాకు పనికొస్తాయి. పేషెంట్‌కు టీ, నీళ్లు, ఏమీ పట్టించొద్దు, మత్తు ఇవ్వాలి. ఉంగరాలు ఉంటే వాపు రాకముందే తీసెయ్యండి.

ఇంకో మాట. కంగారుపడి రోడ్ల మీద ప్రాణాలకు తెగించి నడపకండి. వేలిలో కండ ఉండదు కాబట్టి అది మనం అనుకున్నదానికంటే ఎక్కువసేపు తట్టుకుంటుంది. మామూలు వేడిలో దాదాపు 12 గంటలు, సరిగ్గా చల్లగా ఉంచితే 24 గంటల దాకా కూడా ప్రయత్నించవచ్చు. ముంజేయి దగ్గర తెగితే మాత్రం లెక్క వేరు. అక్కడ కండ ఉంది, చల్లగా లేకపోతే 6 గంటలు దాటితే ప్రమాదం. దగ్గర్లోని ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని, మైక్రోసర్జరీ ఎక్కడ చేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. అది చెయ్యని చోట రెండు గంటలు కూర్చోవడం కంటే మూడు గంటలు ప్రయాణం చెయ్యడం మేలు.

ఇవి నా సొంత మాటలు కావు. 1962లో బోస్టన్‌లో రొనాల్డ్ మాల్ట్ బృందం రైలు ప్రమాదంలో చెయ్యి తెగిన 12 ఏళ్ల అబ్బాయికి ఆ చేతిని తిరిగి అతికించింది. 1965లో జపాన్‌లో కొమాత్సు, తమాయ్ పూర్తిగా తెగిన బొటనవేలిని మైక్రోస్కోప్ కింద అతికించారు. అప్పటి నుంచి ఇన్నేళ్లుగా నేర్చుకున్నదే ఇది. మా హ్యాండ్ సర్జన్ల సంఘాలు రోగుల కోసం రాసే కరపత్రాల్లోనూ ఇదే ఉంటుంది: తడి గుడ్డ, కవర్, ఆ బయట ఐస్. నా చేతికి వచ్చినవన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. గడ్డి మిషన్ దగ్గర, చెరకు రసం బండి దగ్గర, ప్రెస్ షాపులో పనిచేసేవాళ్లకు అవి చేరవు. అందుకే ఇక్కడ ఇంత వివరంగా రాశాను.

అపోహ: వేలు తెచ్చాం కాబట్టి అతికించి తీరాలి.

అన్నీ అతకవు, అన్నీ అతికించకూడదు కూడా. బొటనవేలు అయినా, ఎక్కువ వేళ్లు తెగినా, చిన్నపిల్లలైనా కచ్చితంగా ప్రయత్నిస్తాం. నలిగిపోయిన ఒక్క వేలిని అతికిస్తే అది వంగక, చలికి సలుపుతూ, మిగతా వేళ్లకు అడ్డమయ్యే సందర్భాలు ఉన్నాయి. అప్పుడు వద్దని చెప్తే "డబ్బు లేదనుకుంటున్నారా" అని బాధపడతారు. కాదండీ. అతికించాక బీడీ, సిగరెట్ ముట్టనని మాటివ్వండి, అది ముఖ్యం. నికోటిన్‌కు ఆ సన్నని నాళాలు ముడుచుకుపోతాయి. పక్కన కూర్చుని తాగే బావగారికి కూడా ఇదే చెప్తాను.

అపోహ: చిన్న కోతే, రెండు కుట్లు వేస్తే సరిపోతుంది.

ఇక్కడ మన భాషతోనే ఒక చిక్కు ఉంది. మనకు రక్తనాళమూ నరమే, స్పర్శ తెలిపే నెర్వూ నరమే, టెండనూ నరమే. "నరం కట్ అయింది సార్" అంటే ఏది తెగిందో మళ్లీ అడగాలి. రక్తం ఆగితే నరానికి ఏం కాలేదని ఇంట్లోవాళ్లు ధైర్యపడతారు. రక్తం ఆగడానికీ టెండన్ బాగుండడానికీ సంబంధమే లేదు.

గాజు గ్లాసు కడుగుతుంటే పగిలి ఉంగరపు వేలు మొదట్లో కోసుకుపోయిన ఒకామె ఐదు వారాల తర్వాత వచ్చింది. పైన మచ్చ గీతలా మానింది, అందంగా ఉంది. వేలు మాత్రం వంగదు. కుట్లు వేసినవాళ్లు వేలి కొన వంచమని అడగలేదు. తెగిన టెండన్ అరచేతిలోకి లాక్కుపోతుంది. మొదటి కొద్ది రోజుల్లో అయితే వెతికి నేరుగా కలుపుతాం. మూడు, నాలుగు వారాలు దాటితే అది నడిచే దారి మూసుకుపోతుంది. ఇంకో చోట నుంచి టెండన్ తెచ్చి, ఒక్కోసారి రెండు ఆపరేషన్లు చెయ్యాలి. అరచేతిలో వేళ్లకు దగ్గరి మడత నుంచి వేలి మధ్య దాకా ఉన్న ఈ భాగాన్నే స్టెర్లింగ్ బన్నెల్ నో మ్యాన్స్ ల్యాండ్, అంటే ఎవరూ అడుగుపెట్టకూడని చోటు, అన్నాడు. 1946లో మొదలైన అమెరికన్ హ్యాండ్ సర్జన్ల సొసైటీకి తొలి అధ్యక్షుడు ఆయనే. అంత అనుభవం ఉన్నవాడు కూడా భయపడిన చోటు అది.

కాబట్టి కోత ఎంత చిన్నదైనా కుట్లకు ముందు రెండు పనులు చెయ్యండి. ఒక్కో వేలి కొన విడిగా వంచి చూడండి. కొనకు రెండు పక్కలా తాకి, స్పర్శ పక్క వేలిలాగే ఉందా చూడండి. తేడా ఉంటే ఆ రోజే చెప్పండి.

మిగతావి త్వరగా

పిల్లాడి మోచేయి విరిగితే నాటు కట్టు బిగించి కట్టించి, ఏడిస్తే "ఎముక కూడుతోంది" అంటారు. కాదు. వేళ్లు వాచి, చల్లబడి, ఎవరైనా వాటిని నిటారుగా చాపితే పిల్లాడు కేక పెడుతున్నాడంటే లోపల కండ చచ్చిపోతోంది. కట్టు ఎవరు కట్టినా, మేము కట్టినా సరే, వెంటనే విప్పించండి. తెల్లారాక చూద్దామనుకోవద్దు. గాయంలో కాఫీ పొడి వెయ్యొద్దు, అది కడగడానికే మాకు గంట పడుతుంది. మెటికలు విరిస్తే కీళ్లు అరగవు, నిశ్చింతగా ఉండండి. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే అది బీ12 ఇంజెక్షన్లతో పోయేదని అనుకోకండి. మణికట్టు దగ్గర నెర్వ్ నొక్కుకుపోతుండొచ్చు, చూపించుకోండి.

అపోహ: ఆపరేషన్ అయ్యాక చెయ్యి కదిపితే కుట్లు ఊడిపోతాయి.

డాక్టర్ కదపమన్న రోజు నుంచి, కదపమన్నంత కదపాలి. లేకపోతే టెండన్ చుట్టుపక్కల దానికి అతుక్కుపోయి వేలు కర్రలా మిగులుతుంది. సగం ఫలితం ఫిజియోథెరపీదే.

రెండేళ్ల క్రితం పిండిమిల్లు బెల్టులో కుడి బొటనవేలు తెగిన ఒకమ్మ వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆ ముక్కను సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డలో చుట్టి, సర్జికల్ గ్లవ్‌లో వేసి ముడేసి, ఐస్ నీళ్లున్న టిఫిన్ డబ్బాలో పెట్టి పంపాడు. మా దగ్గరకు చేరేసరికి తొమ్మిది గంటలైంది. డబ్బా తెరిస్తే వేలు మెత్తగా, చల్లగా, ఇప్పుడే తెగినట్టు ఉంది. అతికింది. ఎక్సర్‌సైజులు చెయ్యమంటే మొదట ఏడ్చేది. ముగ్గు వెయ్యి అన్నాను. పిండి జారాలంటే బొటనవేలు, చూపుడువేలు రెండూ కలవాలి, వదలాలి. మూడు నెలలకు సంక్రాంతి ముగ్గు ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి చూపించింది. "గీత ఇంకా లావుగా పడుతోంది సార్, పిండి ఎంత జారుతోందో వేలికి తెలియట్లేదు" అంది. నెర్వ్ రోజుకు ఒక మిల్లీమీటరే పెరుగుతుందమ్మా, కొనకు చేరడానికి ఇంకా టైమ్ పడుతుంది అని చెప్పాను. మొన్న మళ్లీ వచ్చింది. ఈసారి ఫొటోలో గీత సన్నగా ఉంది.