ఆన్‌లైన్ పీహెచ్‌డీ అనేది లేదు: మేనేజ్‌మెంట్ డాక్టరేట్‌పై అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్ నా గదికి వచ్చారు. ఎంబీఏలో మంచి మార్కులు, తొమ్మిదేళ్ల బోధనానుభవం. ఒళ్లో ఒక ఫైలు. అందులో ప్లాస్టిక్ కవర్లలో నెలవారీగా పేర్చిన వాయిదా రసీదులు, చివరి కవరులో బంగారు రంగు ముద్ర వేసిన సర్టిఫికెట్. నాలుగు లక్షల పైచిలుకు కట్టారట. ‘ఇంటర్వ్యూలో ఇది చెల్లదన్నారు మేడమ్, మీరొకసారి చూసి చెప్పండి’ అన్నారు. చూశాను. ఏదో విదేశీ సంస్థ పేరు మీద ఇచ్చిన డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్). అమ్మింది ఇక్కడి శిక్షణ సంస్థ. నేను ఏం చెబుతానో ఆమెకు ముందే తెలుసు. అయినా నా నోట వినడానికి తార్నాక దాకా వచ్చారు. ఈ ఏడాది ఇలా ఫైలు పట్టుకుని వచ్చినవారిలో ఆమె నాలుగో మనిషి.

అపోహ: పీహెచ్‌డీని ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చేయవచ్చు. పార్ట్‌టైమ్ అంటే అదే.

వాస్తవం: కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ఇచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతులకు అనుమతి లేదని స్పష్టంగా ఉంది. అంతకు కొన్ని రోజుల ముందే, అక్టోబరు 28న, విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువులు అమ్మే) కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీ ప్రకటనలను నమ్మవద్దని యూజీసీ, సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) కలిసి హెచ్చరించాయి. అయినా నా విద్యార్థుల ఫోన్లకు ఆ ప్రకటనలు వస్తూనే ఉన్నాయి.

పార్ట్‌టైమ్‌కు మాత్రం అదే నిబంధనలు అనుమతి ఇచ్చాయి. ఏజెంట్లు ఆడుకునేది సరిగ్గా ఈ సందులోనే. పార్ట్‌టైమ్ స్కాలర్ కూడా ఫుల్‌టైమ్ వారికున్న షరతులన్నీ పూర్తి చేయాలి. పనిచేసే సంస్థ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి. చదువుకు సమయం దొరుకుతుందనీ, అవసరమైతే కోర్సువర్క్‌కు (పీహెచ్‌డీలో భాగమైన తరగతి పాఠాలకు) విధుల నుంచి విడుదల చేస్తామనీ అందులో రాసి ఉండాలి. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో 55 శాతం మార్కులు. శనివారం ఒక జూమ్ మీటింగ్‌తో ముగిసే వ్యవహారం కాదిది.

డీబీఏ పేరే మోసం అనుకోవద్దు. పేరున్న బిజినెస్ స్కూళ్లలో అది గట్టి పరిశోధన కోర్సు. ఏళ్లుగా కంపెనీలో పనిచేసినవారు తమ రంగంలోని ఒక సమస్యను లోతుగా తవ్వడానికి ఉద్దేశించింది. కంపెనీలోనే కొనసాగదలచినవారు నిక్షేపంగా చేయవచ్చు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం కోసం మాత్రం పీహెచ్‌డీకి బదులుగా దాన్ని కొనకండి. డబ్బు కట్టేముందు మూడే ప్రశ్నలు అడగండి. డిగ్రీ మీద సంతకం ఏ విశ్వవిద్యాలయానిది? వైవా (థీసిస్‌పై మౌఖిక పరీక్ష) ఎక్కడ జరుగుతుంది? మీ గైడ్లు ఎవరెవరు? మూడోది తప్పకుండా అడగండి. ఏ విభాగంలో ఎవరు గైడో, వారి దగ్గర ఎవరు చేస్తున్నారో విశ్వవిద్యాలయాలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలన్నది నిబంధన. ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించకూడదు. ‘సీట్లు ఎన్నైనా ఉన్నాయి, ఈరోజే కట్టండి’ అనేవారి దగ్గర ఇంక కూర్చోకండి.

అపోహ: హైపోథిసిస్ (పరిశోధనకు ముందు వేసుకున్న ఊహ) తేలకపోతే థీసిస్ పోయినట్టే.

వాస్తవం: ఈ భయంతోనే మంచి పిల్లలు డేటా దిద్దుతున్నారు. ఆల్ఫా (ప్రశ్నావళి ఎంత నమ్మదగినదో చెప్పే అంకె) 0.7 దాటలేదని ఏడ్చిన అమ్మాయి ఉంది, ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) లెక్కలు చేసిపెట్టేవాడికి జీతం ధారపోసిన అబ్బాయి ఉన్నాడు.

నా థీసిస్ బేగంబజార్ టోకు వ్యాపారులకూ, వారి దగ్గర సరుకు కొనే చిల్లర దుకాణదారులకూ ఉన్న సంబంధం మీద. రాయితీ ఎక్కువ ఇచ్చే టోకు వ్యాపారి దగ్గరే దుకాణదారు నిలబడతాడన్నది నా మూడో హైపోథిసిస్. లెక్క వేస్తే రెండింటికీ సంబంధమే కనిపించలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు ప్రశ్నావళి కట్టలు విప్పి, చివరి పేజీలో ‘ఇంకేమైనా చెప్పాలా’ అన్న ఖాళీలో రాసినవన్నీ చదివాను. కాచిగూడ దుకాణదారు ఒకాయన చెబుతుంటే నేనే రాసుకున్న మాటలు: ‘తక్కువ ధరకు అందరూ ఇస్తారమ్మా. మా అమ్మాయి పెళ్లప్పుడు రెండు నెలలు బాకీ అడగకుండా ఆగింది ఈ సేటు ఒక్కడే.’ అలాంటివి ఇంకా చాలా కనిపించాయి. నేను రాయితీని కొలిచాను, వాళ్లు అరువు గడువును చూస్తున్నారు. ఆ కాగితాలు తీసుకెళితే మా గైడ్ గారు ‘నీ థీసిస్ ఇక్కడ మొదలవుతోంది’ అన్నారు. వైవాలో ఎక్కువ ప్రశ్నలు ఆ అధ్యాయం మీదే వచ్చాయి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను.

జర్నల్‌లో పేపరు వేయనిదే థీసిస్ తీసుకోరన్నది 2016 నిబంధన. 2022లో యూజీసీ దాన్ని తీసేసింది. మీ విశ్వవిద్యాలయం తనంతట అడుగుతుందేమో కనుక్కోండి. డబ్బిస్తే వారంలో వేసే జర్నళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.

2024 నుంచి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరుతో పీహెచ్‌డీలో చేరే మార్గం వచ్చింది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రానివారికి స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ప్రవేశానికి ఒక ఏడాదే పనికొస్తుంది. నోటిఫికేషన్ కోసం కాచుకుని ఉండండి.

కాపీ సంగతి. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ 10 శాతాన్ని హక్కుగా వాడుకునేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

గడువు గురించి ఆడవాళ్లు ఎక్కువగా భయపడుతున్నారు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ దానిపై మరో రెండేళ్లు, మొత్తం పదేళ్లకు మించకుండా. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఉంది.

ఫైలు తెచ్చిన ఆ లెక్చరర్‌కు ముప్పై ఎనిమిదేళ్లు. ఈ లెక్కలన్నీ ఆమె ఒక రసీదు వెనక రాసుకున్నారు. ‘నలభై నాలుగుకు అయిపోతుందా మేడమ్?’ అని అడిగారు. అవుతుందన్నాను. నెట్ సిలబస్ ప్రింటు తీసి ఇచ్చాను. రసీదుల మీద దాన్ని పెట్టి, ఫైలు మూసి వెళ్లారు.