సున్నం సరిపోదా?

"అక్కా, కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లల్ల కరగదన్నవు గదా. మరి సున్నం ఏస్తే అయిపాయె. పటిక దేనికి?"

నల్లగొండలో మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ప్రాక్టికల్స్ అయిపోయి బ్యూరెట్లు కడుగుతున్నప్పుడు ఫస్టియర్ అమ్మాయి ఫైనలియర్ అమ్మాయిని అడిగిన ప్రశ్న ఇది. తాగే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్‌ను తీసేయడానికి పటిక, సున్నం రెండూ కలుపుతారు. సున్నంలోని కాల్షియమే ఫ్లోరైడ్‌తో కలిసి, కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు చేరితే చాలదా అని ఆమె ఉద్దేశం. అడిగిన పిల్లది మర్రిగూడ వైపు ఊరు. ఆ పల్లెల్లో ఫ్లోరైడ్ అంటే పళ్ల మీద గోధుమరంగు గార, పెద్దల వంగిపోయిన నడుములు. పక్కన రికార్డులు దిద్దుతున్న నేను జవాబు చెప్పబోయి ఆగాను. ఆగడమే మంచిదైంది.

పెద్దమ్మాయి రఫ్ కాయితం మీద లెక్క మొదలుపెట్టింది. లీటరు నీళ్లలో 'ఎస్' మోల్‌ల (మోల్ అంటే రసాయన శాస్త్రంలో పదార్థాన్ని లెక్కపెట్టే కొలమానం) కాల్షియం ఫ్లోరైడ్ కరిగితే కాల్షియం ఎస్, ఫ్లోరైడ్ 2ఎస్. కరిగిన కాల్షియం, ఫ్లోరైడ్ గాఢతల గుణకారం ఇంతకు మించదని చెప్పే హద్దు ద్రావణీయతా లబ్ధం. అందులో ఫ్లోరైడ్ గాఢతను వర్గం చేయాలి కాబట్టి మొత్తం 4ఎస్³. చిన్నది కాయితం మీద వేలు పెట్టి ఆపేసింది. "రెండుతోని గుణించినం, మల్ల స్క్వేర్ చేసినం. ఒక్క రెండునే రెండుసార్లు లెక్కవెట్టినట్టు కాదా?"

ఏటా నా క్లాసులో కనీసం పదిమంది ముఖాల్లో కనిపించే సందేహం ఇది. సూత్రం అంతే అని నేను దాటేసిన రోజులున్నాయి. ఆ అమ్మాయి దాటేయలేదు. "నాక్కూడ గిదే డౌటుండె" అని కొంచెంసేపు ఆలోచించి, "మీ ఊరి బోరు నీళ్లు తీస్కో. ఫ్లోరైడ్ రాళ్లల్ల నుంచి వచ్చింది, కాల్షియం మనమేసిన సున్నంల నుంచి వచ్చింది. ఇక్కడ ఫ్లోరైడ్ 2ఎస్ అని రాస్తవా?"

"రాయ. రెండూ వేర్వేరు కాడికెల్లి వచ్చినయ్ గదా."

"మరి స్క్వేర్ తీసేస్తవా?"

"...తియ్య."

"అంతే. రెండు అనేది ఎంత కరిగిందో చెప్పే లెక్క. స్క్వేర్ అనేది సూత్రం. ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇంకోటి ఎప్పటికీ ఉంటది."

ఇంత శుభ్రంగా నేనెప్పుడూ చెప్పలేదు. ఆ గుంతలో రెండేళ్ల కింద పడి లేచిన పిల్ల కాబట్టి గుంత ఎక్కడుందో ఆమెకు తెలుసు. మాలాంటి టీచర్లకు ఆ దారి నున్నగా అరిగిపోయింది, గుంతలు కనబడవు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ ఈ సంగతి గమనించి 1991 నుంచి పాఠం మధ్యలో ప్రశ్న వేసి, పక్కవాళ్లను ఒప్పించమని విద్యార్థులకే వదిలే పద్ధతి పెట్టారు. 225 అధ్యయనాలను కలిపి చూసి 2014లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం సైన్సు, గణితం, ఇంజనీరింగ్ కోర్సుల్లో ఉపన్యాసం మాత్రమే వినే తరగతుల్లో సగటున 33.8 శాతం మంది ఫెయిలైతే, మాట్లాడుకుంటూ లెక్కలు చేసుకుంటూ నేర్చుకునే తరగతుల్లో 21.8 శాతం మందే ఫెయిలయ్యారు. రాత్రి పదింటికి ఫోన్‌లో జవాబు ఫొటో పంపడాన్ని మాత్రం నేను ఇందులో కలపను. అక్కడ అడిగేవాళ్లూ ఆలోచించరు, చెప్పేవాళ్లూ ఆలోచించరు.

ఇక సున్నం సంగతి. కాల్షియం ఫ్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం 25 డిగ్రీల దగ్గర సుమారు 3.5 × 10⁻¹¹. దాన్ని 4ఎస్³కు సమానం చేస్తే, "కరగదు" అనుకున్న ఆ పదార్థం మంచినీళ్లలో లీటరుకు దాదాపు 7.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వదులుతుంది. తాగే నీళ్లలో 1.5 దాటకూడదు. సున్నం ఇంకా వేస్తే? వర్గం మిగిలిన కొత్త లెక్క ఇక్కడ పనికొచ్చింది. ఫ్లోరైడ్ 1.5కు దిగాలంటే లీటరుకు 225 మిల్లీగ్రాముల దాకా కాల్షియం కరిగి ఉండాలి. అంత కాల్షియం సున్నంగానే వేస్తే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 12 దగ్గరికి పోతుంది. తాగే నీళ్లకు 8.5 దాటకూడదు. అదీగాక మన బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. వేసిన కాల్షియాన్ని అది కార్బొనేట్‌గా కింద పడేస్తుంది. అసలు గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ మన నీళ్లలోకి ఇంతగా దిగడానికి కారణాల్లో అదొకటి: అడ్డుపడాల్సిన కాల్షియం ముందే పోతుంది.

లెక్క అయ్యాక చిన్నది చాలాసేపు కాయితం వైపే చూసింది. "అయితే సున్నంతోని కాదు."

పటిక పనిచేసే తీరు వేరు. నీళ్లలో పడగానే అది అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా, దూదిపింజల్లాంటి మెత్తని తెట్టెలుగా మారుతుంది. ఫ్లోరైడ్ వాటిని అంటుకుని వాటితో పాటే అడుగుకు చేరుతుంది. ఆ క్రమంలో నీళ్లకు ఆమ్లగుణం వస్తుంది కాబట్టి దాన్ని సరిచేయడానికి సున్నం. ఫ్లోరైడ్‌ను పట్టుకునే పని పటికది, సున్నం దానికి తోడు. క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడర్. ఈ మూడూ కలిపి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే, నల్లగొండ టెక్నిక్. పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం, సల్ఫేటు మిగిలిపోతాయి కాబట్టి మోతాదును ఫ్లోరైడ్‌నూ క్షారతనూ (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్నీ) కొలిచాకే నిర్ణయించాలి. ఆ రోజు ల్యాబ్‌లో వాళ్లు చేసిన టైట్రేషన్ (బ్యూరెట్‌తో చుక్కచుక్కగా ఆమ్లం కలిపి కొలవడం) క్షారతదే. అది గుర్తురాగానే ఇద్దరూ తమ రీడింగులు మళ్లీ తీసి చూసుకున్నారు.

బ్యాగులు సర్దుకుంటుంటే చిన్నది మళ్లీ ఆగింది. "అక్కా, అడుగుల మిగిలిన బురదల ఫ్లోరైడ్ ఉంటది గదా. అది పెరట్ల పారవోస్తే, వాన పడ్డంక మల్ల బాయిలకే రాదా?"

పెద్దమ్మాయి నావైపు చూసింది. నేను కుర్చీ లాక్కుని వాళ్ల పక్కన కూర్చున్నాను.