కళింగపట్నంలో కనిపించిన ఆ ఒక్క పిట్ట

చిన్నీ, బాబీ,

"ఒక్క పిట్టను చూస్తే అంత సంబరం ఎందుకు తాతయ్యా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. ఫోన్‌లో చెబితే తెగేది కాదని రాస్తున్నాను.

అది జనవరి నెల. పొద్దు పొడవక ముందే కళింగపట్నం వెళ్లాను. వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బ మీద టెర్న్‌లు గుంపుగా కూర్చున్నాయి, అన్నీ గాలికి ఎదురు తిరిగి. తెల్లగా, సన్నగా ఉండే ఆ సముద్రపు పిట్టలను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. అందుకే మధ్యలో ఒకటి తేడాగా ఉందని కంటికి ఇట్టే తెలిసిపోయింది. నల్లటి నెత్తి, మెడకు తెల్ల పట్టీ, నారింజ రంగు ముక్కు. ముక్కులో కింది సగం పై సగం కంటే పొడవు! ఇండియన్ స్కిమ్మర్. అంతవరకూ బొమ్మలోనే చూశాను. చేతులు వణికి బైనాక్యులర్ నిలవలేదు.

పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "ఏటి సూస్తన్నారు బాబూ?" అన్నాడు. బైనాక్యులర్ ఇచ్చాను. చాలాసేపు చూసి, "ముక్కు ఇరిగిపోనాదేటి దీనికి?" అన్నాడు.

విరగలేదు. కాసేపటికి అది లేచి, నీటిని రాసుకుంటూ ఎగిరింది. నోరు తెరిచి, ఆ పొడవాటి కింది ముక్కుతో నీళ్లలో గీత గీసుకుంటూ పోయింది. చేప తగిలిందా, ముక్కు టక్కున మూసుకుంటుంది. కంటితో వెతికి పట్టే వేట కాదు కాబట్టి మసక చీకట్లోనూ సాగుతుంది. చంబల్ లాంటి నదుల నడుమ ఇసుక దిబ్బల మీద ఇవి గుడ్లు పెడతాయి. నదిలో నీరు తగ్గితే దిబ్బ ఒడ్డుకు కలిసిపోతుంది. కుక్కలు, పశువులు నేరుగా గూళ్ల మీదికి నడిచి వస్తాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తానికి కొన్ని వేలే మిగిలాయి. వాటిలో ఒకటి మన శ్రీకాకుళం జిల్లా ఇసుక మీద నా ఎదురుగా వాలింది! ఆ టెర్న్‌లు నాకు అంత బాగా తెలియకపోతే, గుంపులో దాన్నీ ఒకటనుకుని వచ్చేసేవాణ్ణి.

అందుకే, మామూలుగా కనిపించే పిట్టలు ముందు మీకు బాగా తెలియాలని, మిమ్మల్ని తేలినీలాపురం ఊరికి తీసుకెళ్తాను. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా ఉంటాయి. సైబీరియా నుంచి వచ్చాయని చాలామంది చెబుతారు, నమ్మకండి. ఈ రెండూ మన దక్షిణాసియా వైపు పక్షులే. పిల్లల్ని పెట్టడానికి ఏటా ఆ ఊరికి వస్తాయి. ఊరివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలో తల మొత్తం దూర్చి చేపలు తింటుంది. అది చూడకుండా రావద్దు. చెట్ల కింద చప్పట్లు, కేకలు మాత్రం అస్సలు కుదరవు. బెదిరితే పిల్లలు గూట్లోంచి పడిపోతాయి.

అక్కణ్నుంచి నౌపడ ఉప్పు మడుల వైపు వెళ్దాం. అక్కడ ఏం కనిపిస్తుందో నేను చెప్పలేను.

సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు ఎర్ర చొక్కాలు తేవద్దు, ఆకుపచ్చవో మట్టి రంగువో తెచ్చుకోండి. తెల్లవారుజామున నాలుగున్నరకే లేపుతాను. బైనాక్యులర్ ఒకటే ఉంది, వంతులేసుకుందాం. మొదటి వంతు బాబీది.

మీ
తాతయ్య