నీతికి పునాది మతమా, వివేకమా? క్లాసులో వినే అపోహలు, అసలు వాస్తవాలు

డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెబుతాను, సాయంత్రాలు సివిల్స్‌కి చదివేవాళ్లకు ఎథిక్స్ పేపర్ చెబుతాను. 2013లో యూపీఎస్సీ మెయిన్స్‌లో 250 మార్కులకు ఆ పేపర్ పెట్టిన దగ్గర్నుంచి నీతిశాస్త్రానికి గిరాకీ పెరిగింది గానీ అపోహలు తగ్గలేదు. ఏ బ్యాచ్ అయినా మొదటి వారంలోనే రెండు జట్లుగా విడిపోతుంది. "దైవభీతి పోతే మనిషి పశువే సార్" అనేవాళ్లు ఒక వైపు, "మతాన్ని పక్కన పెడితే అన్నీ వాటంతటవే చక్కబడతాయి" అనేవాళ్లు ఇంకో వైపు. నా మొగ్గు వివేకం వైపే, ముందే చెప్పేస్తున్నా. అయితే మా వైపు వాళ్లు చెప్పే మాటల్లోనూ నిలబడనివి ఉన్నాయి.

అపోహ: దేవుడు వద్దన్నాడు కాబట్టే దొంగతనం తప్పు. ఆయన్ని తీసేస్తే తప్పూ లేదు, ఒప్పూ లేదు.

వాస్తవం: గట్టి మతవిశ్వాసం ఉన్నవాళ్లు కూడా లోలోపల అలా అనుకోరు. అమెరికాలో లారీ నూచీ, ఎలియట్ ట్యూరియెల్ అనే మనస్తత్వవేత్తలు ఈ సంగతిని పిల్లల్లోనే పరీక్షించి 1993లో ప్రచురించారు. ఆమిష్ మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, సనాతన యూదులు వంటి కట్టుదిట్టమైన ఇళ్లలో పెరిగిన పిల్లలను రెండు రకాల ప్రశ్నలు అడిగారు. ఆదివారం పని చెయ్యకూడదని దేవుడు చెప్పి ఉండకపోతే, ఆ రోజు పని చెయ్యవచ్చా? చెయ్యవచ్చు, అప్పుడు తప్పేముంది అన్నారు ఎక్కువమంది. మరి దొంగతనం చెయ్యమని దేవుడే చెబితే, చెయ్యడం ఒప్పవుతుందా? కాదు అన్నారు ఎక్కువమంది. ఎందుకని అడిగితే గ్రంథం వైపు వేలు చూపలేదు, వస్తువు పోగొట్టుకున్నవాడికి కలిగే నష్టం గురించి చెప్పారు. అంటే ఏది తమ మతం పెట్టిన నియమం, ఏది ఎక్కడైనా తప్పే అన్న తేడా ఆ పిల్లలకు తెలుసు. దేవతలకు ఇష్టం కాబట్టి అది మంచిదైందా, మంచిది కాబట్టి వాళ్లకు ఇష్టమైందా అని సోక్రటీసు అడిగినట్టు ప్లేటో రాసిన ప్రశ్నకు ఆ పిల్లలు తడుముకోకుండా జవాబు చెప్పారు.

మన దగ్గర ఇంకో విడ్డూరం ఉంది. ధర్మం తెలియాలంటే వేదవిధి ఒక్కటే దారి, మనిషి బుద్ధికి అది అందదు అని అందరికంటే గట్టిగా వాదించినవాళ్లు పూర్వమీమాంసకులు. అదే మీమాంసకుల్లో కుమారిలభట్టు జగత్తుకు సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని ఖండించాడు. వేదం అపౌరుషేయం, దాన్ని దేవుడు కూడా రాయలేదు అన్నారు వాళ్లు. అంటే ప్రమాణం మీద సడలని నమ్మకం ఉంది గానీ, సృష్టికర్తతో పని పడలేదు. "దేవుడు" అనేదీ "శాస్త్రప్రమాణం" అనేదీ ఒకటే వాదం అనుకునేవాళ్లకు ఈ ఉదాహరణ చెబితే ఒక్క నిమిషం ఆగుతారు.

దేవుణ్ణి నమ్మనివాడి నీతి ఎలా ఉంటుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. నాస్తిక ఉద్యమకారుడు గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. అంటరానితనం మీద పనిచేస్తూ గాంధీగారితో దేవుడి గురించి వాదించారు. తన పెద్దమ్మాయికి దళిత యువకుడితో పెళ్లి తలపెడితే, సేవాగ్రామ్‌లో దాన్ని జరిపించడానికి గాంధీగారు ఒప్పుకున్నారు, ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం అనడానికీ సరేనన్నారు. గాంధీగారి హత్య తర్వాత, 1948లో, ఆ పెళ్లి అక్కడే జరిగింది. కులం గురించి ఆ ఆస్తికుడికీ ఈ నాస్తికుడికీ ఒకే తీర్పు కుదిరింది, పునాదుల దగ్గర మాత్రం చివరిదాకా కుదరలేదు.

అపోహ: మేం శాస్త్రంలో ఉన్నది ఉన్నట్టు పాటిస్తున్నాం. సొంత తెలివి వాడడం లేదు.

వాస్తవం: దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. చట్టానికీ పెళ్లికీ మధ్య పాతికేళ్లు. ఆ వాదమంతా శాస్త్రం మీదే నడిచింది. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పరాశరస్మృతిలోంచి ఒక శ్లోకం తీశాడు. భర్త జాడ తెలియకపోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా, ఈ ఐదు ఆపదల్లో స్త్రీకి మరో భర్త ఉండవచ్చని దాని అర్థం. కలియుగానికి పరాశరస్మృతే ప్రమాణమని ఆ గ్రంథంలోనే ఉంది కాబట్టి ఇక అడ్డేముంది అన్నాడు. పండితులు ఊరుకుంటారా? అది వేరే యుగాలకు చెప్పింది అన్నారు కొందరు. పెళ్లి కాని, మాట మాత్రమే ఇచ్చిన పిల్లకు సంబంధించింది అన్నారు ఇంకొందరు.

ఇప్పుడు ఆ శ్లోకం తర్వాత ఏముందో చూడండి. భర్త పోయాక బ్రహ్మచర్యం పాటించిన స్త్రీ స్వర్గానికి వెళుతుందని తర్వాతి శ్లోకం. ఆ తర్వాతిది, భర్తతో సహగమనం చేసిన స్త్రీ మనిషి ఒంటి మీద ఎన్ని వెంట్రుకలున్నాయో, మూడున్నర కోట్లు, అన్నేళ్లు స్వర్గంలో ఉంటుందని. మూడూ వరసగా ఉన్నాయి. మళ్లీ పెళ్లి, ఒంటరి బతుకు, చితి. విద్యాసాగర్ మొదటిది పట్టుకున్నాడు, ఆయన్ని ఎదిరించినవాళ్లు రెండోదాన్ని. మూడోది పట్టుకున్నవాళ్లు అంతకు ముందు తరం దాకా ఉన్నారు, 1829లో గవర్నర్ జనరల్ బెంటింక్ నిషేధించేదాకా. మూడింటిలో ఏది ఎంచుకోవాలో ఆ గ్రంథం చెప్పదు. ఆ ఎంపిక చేసింది ఎంచుకున్నవాళ్ల మనసు, వాళ్ల చుట్టూ కనబడిన బతుకులు. పదేళ్లు నిండకుండానే బొట్టు చెరిపించుకుని, తల గొరిగించుకుని, ఒంటిపూట తిండితో మూలన కూర్చున్న పిల్లను చూసి కడుపు తరుక్కుపోయినవాడు మొదటి శ్లోకం దగ్గర ఆగాడు.

పంతులుగారికి ఇది తెలియదని కాదు. ఎదుటివాడు శాస్త్రం తప్ప వేరే మాట వినడు కాబట్టి శాస్త్రంతోనే మాట్లాడారు. మనువు కూడా ధర్మానికి ఆధారాలు చెబుతూ వేదం, స్మృతి, సజ్జనుల ఆచారం అని, చివర్లో ఆత్మతుష్టి, అంటే తన మనసుకు సరేననిపించడం, అన్నాడు. ఆ నాలుగోది పెట్టాక మనిషి తీర్పుకు తలుపు తెరిచినట్టే, ఎంత సందు ఇచ్చాడన్నది వ్యాఖ్యాతల తగాదా.

ఇంతకూ ఆ వాదంలో ఆ పిల్లను ఎవరూ అడగలేదు. అటువైపు పండితుడూ అడగలేదు, చాలాసార్లు ఇటువైపు సంస్కర్తా అడగలేదు. నన్నడిగితే శాస్త్రమా తర్కమా అన్నదాని కన్నా ఇది పెద్ద ప్రశ్న: తీర్పు ఎవరి మీద పడుతుందో, వాళ్లకు "ఎందుకు" అని అడిగే వీలుందా?

అపోహ: మతం ఎప్పుడూ అన్యాయం పక్షం, సైన్సు, తర్కం ఎప్పుడూ న్యాయం పక్షం.

వాస్తవం: మా హేతువాద మిత్రులకు ఇది నచ్చదు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా సంతానం కలగకుండా ఆపరేషన్ చెయ్యడం సబబేనని 8-1 మెజారిటీతో తీర్పిచ్చింది. ఆమెను "మందబుద్ధి"గా ముద్ర వేశారు. అత్యాచారం వల్ల గర్భం వచ్చిన పిల్ల ఆమె. ఆమెకు పుట్టిన కూతురు బడిలో బాగానే చదివింది. తీర్పు రాసింది ఆలివర్ వెండెల్ హోమ్స్, ఆ దేశం గొప్పగా చెప్పుకునే మేధావి జడ్జి. జాతిని మెరుగుపరిచే "శాస్త్రం" అని అప్పట్లో యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పిన యూజెనిక్స్ ఆ తీర్పు వెనక ఉంది. ఒక్కడే ఒప్పుకోలేదు, పియర్స్ బట్లర్, క్యాథలిక్. 1930లో పోప్ కూడా యూజెనిక్స్‌ని ఖండించాడు. అమెరికాలో ఇలాంటి చట్టాల కింద 60 వేల మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి. మన ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగినప్పుడు కూడా ఎవరూ శ్లోకాలు చదవలేదు, జనాభా లెక్కలు చదివారు.

ఇంకా వెనక్కి వెళ్తే బాగ్దాద్. మంచిచెడ్డలు బుద్ధితో తెలుసుకోవచ్చని చెప్పిన ముతజిలీలనే ఇస్లాం పండితుల వైపు ఖలీఫా మామూన్ నిలబడ్డాడు. 833లో ఆయనే, ఖురాన్ అనాది కాదు, సృష్టించబడింది అని ఒప్పుకుంటావా లేదా అని పండితులను విచారణలకు ఈడ్చాడు. ఒప్పుకోని ఇబ్న్ హన్బల్‌ను జైల్లో పెట్టారు, తర్వాతి ఖలీఫా కాలంలో కొరడాలతో కొట్టారు. బుద్ధిని నమ్మేవాళ్లు అధికారంలో ఉన్నా, ప్రశ్నించినవాడి వీపు చిట్లింది.

అపోహ: ఏది మంచో సైన్సే తేల్చేస్తుంది.

వాస్తవం: తేల్చదు. ఏం జరుగుతోందో చెబుతుంది. ఏం జరగాలన్నది దాని నుంచి దానంతట రాదని తత్వవేత్త హ్యూమ్ 18వ శతాబ్దంలోనే చెప్పాడు. ఈ టీకా ఎన్ని ప్రాణాలు కాపాడుతుందో లెక్క కావాలంటే సైన్సు దగ్గరకే పోవాలి. ముందు ఎవరికి వెయ్యాలన్నది మనం తేల్చుకోవాల్సిందే.

అపోహ: బుద్ధుడు ఎవరి మాటా వినొద్దు, నీకు తోచింది చెయ్యి అన్నాడు.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగేది సగం మాట. కేసపుత్త అనే ఊళ్లో కాలాములనే జనానికి చెప్పిన ఉపదేశంలో పరంపరను బట్టి, గ్రంథాన్ని బట్టి నమ్మకండి అన్నది నిజమే. అదే జాబితాలో కేవలం తర్కాన్ని బట్టి కూడా నమ్మకండి అని ఉంది! హాని చేస్తుందా, మేలు చేస్తుందా అని స్వయంగా గమనించి, విజ్ఞులు ఏమంటారో కూడా చూడమన్నాడు.

అపోహ: మంచేదో తెలిస్తే చాలు, మనిషి మంచిగానే ఉంటాడు.

వాస్తవం: డార్లీ, బాట్సన్ 1973లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ప్రిన్స్‌టన్ సెమినరీలో పాస్టర్లు కావడానికి చదువుతున్న 40 మందిని, పక్క భవనంలో ప్రసంగం ఉంది వెళ్లండి అన్నారు. దారిలో ఒకడు దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉంటాడు (ఏర్పాటు చేసిన మనిషే). టైముందన్నవాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. ఆలస్యమైంది, పరుగెత్తండి అని చెప్పినవాళ్లలో 10 శాతమే. వాళ్లలో కొందరు ఇవ్వబోయే ప్రసంగం, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథ మీదే. అయినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వివేకం పక్షం వాళ్లు నవ్వకండి. ఎరిక్ ష్విట్జ్‌గెబెల్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు లైబ్రరీ రికార్డులు తిరగేస్తే, నీతిశాస్త్రం పుస్తకాలు మిగతా ఫిలాసఫీ పుస్తకాల కంటే ఎక్కువగా మాయమైనట్టు తేలింది. మా డిపార్ట్‌మెంట్ బీరువాకు తాళం ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

అపోహ: మతం పక్కకు పోతే ఎవరి నీతి వాళ్లది, అంతా గందరగోళమే.

వాస్తవం: మతం ఉన్నప్పుడూ ఎవరి శ్లోకం వాళ్లదే అయింది, పైన చూశాం. పోతే, అంబేడ్కర్‌ను ఏ జట్టులోనూ పూర్తిగా కలుపుకోలేరు. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించిన మనిషే 1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. సమాజానికి మతం అక్కర్లేదని ఆయన అనలేదు. ఇలాగే చెయ్యి అని ఆజ్ఞాపించే నియమాల మతం వద్దన్నాడు, చేసినదానికి మనిషిని బాధ్యుణ్ణి చేసే సూత్రాల మతం కావాలన్నాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో, రాజ్యాంగ నైతికత, అంటే రాజ్యాంగ విలువలకు కట్టుబడి నడవడం, పుట్టుకతో వచ్చేది కాదు, సాధన చేసి పెంచుకోవాల్సిందే అన్నాడు. 2018లో స్వలింగ సంబంధాలు నేరం కాదని తేల్చినప్పుడు సుప్రీంకోర్టు ఆ మాటనే ఆసరా చేసుకుంది. మెజారిటీకి ఏది రోతగా ఉందన్నది లెక్కలోకి రాదు, రాజ్యాంగ నైతికతే లెక్క అంది. ఆ చట్టం కింద నలిగేవాళ్లకు ఏ కారణం చూపగలం అన్నదే అసలు ప్రశ్న.

"ఇదంతా సరే సార్, ఆన్సర్‌లో ఏం రాయాలి?" అని అడుగుతారు. దళిత మహిళ వండిన అన్నం మా పిల్లలు తినరని ఊళ్లో తల్లిదండ్రులు అంగన్‌వాడీకి పంపడం మానేశారు, మీరు అధికారి, ఏం చేస్తారు అన్న తరహా కేసు ఇస్తాను. అందరూ అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణం రాస్తారు, తత్వవేత్త కాంట్‌ని తెస్తారు, ఊరి పెద్దలతో, పూజారితో కౌన్సెలింగ్ అంటారు. వంటామెను కూర్చోబెట్టి ఏం కావాలమ్మా నీకు అని అడిగినట్టు రాసేవాళ్లు తక్కువ. ఆమెను వేరే సెంటర్‌కి బదిలీ చేసి "సమస్య పరిష్కారం" అని రాసినవాళ్ల పేపర్లలో మాత్రం నేను మార్కులు గట్టిగానే కోస్తాను.