'డిస్కస్' పక్కకి 'అబౌట్' ఎలా వచ్చింది?

పర్లాకిమిడిలో ఇంటి దగ్గర ఇంగ్లీష్ ట్యూషన్ చెబుతాను. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండింట్లోనూ 'కు' ఉంది, రెండింట్లోనూ అది మాట వెనకే అతుక్కుంటుంది. ఇంగ్లీష్‌లో ఆ పని చేసే ప్రిపోజిషన్ మాటకు ముందొచ్చి నిలబడేసరికి టెన్షన్ మొదలు.

అపోహ: ఇన్ అంటే 'లో', ఆన్ అంటే 'మీద', టు అంటే 'కు'. ఇవి వస్తే చాలు.

వాస్తవం: కొన్నిచోట్ల చాలు. 'డిపెండ్ ఆన్' మన 'మీద ఆధారపడు'కు అచ్చంగా సరిపోతుంది. ఆ ధైర్యంతోనే పిల్లాడు 'లిజన్ మీ' అంటాడు. లిజన్‌కి టు కావాలి. 'టెల్ మీ' సరే గాని 'ఎక్స్‌ప్లెయిన్ మీ' తప్పు, అక్కడ 'టు మీ' అనాలి. ఎందుకని అడిగితే నేను తెలుగులోకి దిగుతాను. కుక్కకు భయపడతాం, కుక్క మీద కోప్పడతాం, కుక్కను పెంచుతాం. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించామా? క్రియ ఏ విభక్తి అడిగితే అది ఇచ్చేస్తున్నాం. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో ఉంటూనే సవర భాషను మాట్లాడేవాళ్ళ నోట విని నేర్చుకున్నారు. నేనూ వాడుకలో వినిపించినట్టే నేర్పుతాను. అందుకే నా నోట్సులో 'లిజన్' విడిగా ఉండదు, 'లిజన్ టు' అని ఒకే మాటగా రాయిస్తాను.

అపోహ: ప్రిపోజిషన్ లేకపోతే వాక్యం బోసిగా ఉంటుంది.

వాస్తవం: 'డిస్కస్ అబౌట్' ఇలా పుట్టిందే. 'డిస్కషన్' పక్కన అబౌట్ ఉండొచ్చు, దాన్ని చూసి క్రియకూ తగిలించేశాం. (నా మొదటి ఇంటర్వ్యూలో నేనూ తగిలించాను.) 'వుయ్ డిస్కస్డ్ ద ప్రాబ్లమ్' అంటే సరిపోతుంది. 'రీచ్‌డ్ బరంపురం' అనాలి, మధ్యలో టు వద్దు. అదే అరైవ్ అయితే ఊరికి ఇన్, స్టేషన్‌కి ఎట్. గదిలోకి వెళ్ళడానికి 'ఎంటర్' ఒక్కటే చాలు, ఒప్పందం కుదుర్చుకోవడానికి 'ఎంటర్ ఇంటూ' కావాలి.

అపోహ: టు తర్వాత ఎప్పుడూ వి వన్నే (అంటే 'గో', 'మీట్' లాంటి క్రియ మూలరూపమే).

వాస్తవం: 'లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ' సరైనదే. అనుమానం వస్తే టు తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడండి. 'లుక్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్' కుదిరింది కదా, ఆ టు ప్రిపోజిషన్, కాబట్టి క్రియకు ఐఎన్‌జీ చేర్చాలి. 'వాంట్ టు ద హాలిడేస్' కుదరదు, అక్కడ వి వన్ రాయండి.

అపోహ: వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదు.

వాస్తవం: 1672లో ఇంగ్లీష్ కవి జాన్ డ్రైడెన్ తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో దీన్ని తప్పుపట్టాడు, ఆ పట్టు ఇంకా కొందరు వదల్లేదు. గుణుపూర్ బస్సు కోసం నిలబడ్డవాళ్ళని 'వాట్ ఆర్ యూ వెయిటింగ్ ఫర్?' అనకుండా 'ఫర్ వాట్ ఆర్ యూ వెయిటింగ్?' అని అడిగి చూడండి. బస్సు సంగతి మరిచిపోయి మిమ్మల్నే చూస్తారు.