వేడి చికిత్స గొడవ: 1999లో పక్కకు పోయింది, ఉద్దానంలో మళ్లీ ఎందుకు లేచింది

క్యాన్సర్‌కు వేడి చికిత్స గురించి సిక్కోలు (శ్రీకాకుళం) పల్లెల్లో మళ్లీ వాదనలు నడుస్తున్నాయి. కీమో అక్కర్లేదు, రేడియేషన్ అక్కర్లేదు, వేడితోనే గడ్డ కరిగిపోతుందని చెప్పే వీడియోలు ఒకపక్క. అసలు అలాంటి వైద్యమే లేదు, అంతా మోసమని కొట్టిపారేసేవాళ్లు ఇంకోపక్క. వీడియోలు చెప్పేది ప్రమాదకరమైన అబద్ధం. అలాగని వైద్యమే లేదనడం కూడా నిజం కాదు. హైపర్‌థెర్మియా, అంటే గడ్డను యంత్రంతో వేడిచేసే వైద్యం, ఉంది. కాకపోతే అది రేడియేషన్‌కో కీమోకో తోడుగా ఇచ్చేది, వాటి బదులు ఇచ్చేది కాదు.

జ్వరం వచ్చాక కొందరికి గడ్డలు తగ్గాయన్న పాతకాలపు పరిశీలనల సంగతి చాలామంది రాసిందే, దాని జోలికి పోను. ఈరోజు గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1999, 2000 సంవత్సరాలు.

1999 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ డాక్టర్లకు ఒక ప్రకటన పంపింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కలిపి ఇస్తే మరణం ముప్పు 30 నుంచి 50 శాతం తగ్గుతోందని ఐదు పరిశోధనల్లో తేలిందన్నది దాని సారాంశం. ఆ తర్వాత చాలా దేశాల్లో పద్ధతి మారిపోయింది.

2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో నెదర్లాండ్స్ (డచ్) పరిశోధన ఒకటి వచ్చింది. కటి భాగంలో, అంటే పొత్తికడుపు కింద తుంటి ఎముకల మధ్య, ముదిరిన క్యాన్సర్లున్న 358 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రేడియేషన్ మాత్రమే, రెండో జట్టుకు దానితో పాటు వారానికోసారి వేడి. ఎక్కువ లాభం కనిపించింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లోనే. రేడియేషన్ ఒక్కటే తీసుకున్న మహిళల్లో మూడేళ్ల తర్వాత బతికున్నవారు 27 శాతం, వేడి కూడా తీసుకున్నవారిలో 51 శాతం. 12 ఏళ్ల తర్వాత లెక్క చూసినా ఆ తేడా 20, 37 శాతంగా నిలిచింది.

ఇంత ఫలితం వచ్చినా వేడి వెనకబడిపోయింది. అది పోటీ పడింది రేడియేషన్ ఒక్కదానితో. ఆ పద్ధతిని డాక్టర్లు అప్పటికే ఏడాది కిందట వదిలేశారు. పైగా సిస్‌ప్లాటిన్ చవక, సెలైన్‌లో ఏ ఆసుపత్రిలోనైనా ఎక్కించొచ్చు. వేడికి ఖరీదైన యంత్రం కావాలి, నడుం చుట్టూ నీటి సంచీ కట్టాలి, గంటకు పైగా మనిషి పక్కనే ఉండాలి. డచ్ పరిశోధనలో వేడి తీసుకోని జట్టు ఫలితాలు మరీ తక్కువగా ఉన్నాయన్న విమర్శ కూడా వచ్చింది.

ఇక అంతకుముందు 1980ల్లో అమెరికాలో చేసిన పరిశోధన. వేడి పనిచేయదనేవాళ్లు ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. అందులో మొత్తం మీద లాభం తేలని మాట నిజం. కానీ చాలామందిలో గడ్డకు చాలినంత వేడే చేరలేదని ఆ తర్వాత విశ్లేషణలో బయటపడింది. ఈ వైద్యానికి ప్రాణం ఆ కొలతే. గడ్డ లోపల 41 నుంచి 43 డిగ్రీలు, దాదాపు గంటసేపు ఉండాలి. రేడియేషన్ దెబ్బను కణం సరిచేసుకోకుండా ఆ వేడి అడ్డుపడుతుంది. ఆక్సిజన్ అందక రేడియేషన్‌కు లొంగని కణాలు వేడికి లొంగుతాయి. అందుకే రెండింటికీ మధ్య ఎడం కొద్ది గంటలు దాటనివ్వరు. దుప్పటి కప్పి చెమట పట్టిస్తేనో ఆవిరి పడితేనో పొట్ట లోపలి గడ్డకు ఆ వేడి చేరదు.

తీరం వెంట అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే, ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్లు మనకు కొత్త కాదు. తల, మెడ క్యాన్సర్లకు ముంబయిలో వేడి కలిపి చూసిన పరిశోధన 2010లో వచ్చింది. గడ్డ పూర్తిగా కరిగినవారు 42 శాతం నుంచి 79 శాతానికి పెరిగారు. అయితే అందులో ఉన్నది 56 మందే.

ఇప్పుడు ఉద్దానం సంగతి. సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీసే మందు. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీలు చెడి రక్తంలో క్రియాటినిన్ పెరిగినవాళ్లు ఎంతమందో అక్కడివాళ్లకు తెలుసు. అలాంటి ఇంట్లో ఒకావిడకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తే, 1999 నుంచి రేడియేషన్‌తో కలిపి ఇస్తున్న ఆ మందు ఆమెకు తరచూ అందదు. చాలాసార్లు ఆమెకు మిగిలేది రేడియేషన్ ఒక్కటే. అంటే డచ్ పరిశోధన పోల్చిచూసింది సరిగ్గా ఆమె పరిస్థితినే. నెదర్లాండ్స్‌లో సిస్‌ప్లాటిన్ పడని మహిళలకు రేడియేషన్‌తో వేడి కలిపి ఇస్తున్నది అందుకే. ఇక్కడ మాత్రం ఈ విషయం డాక్టర్ల నోట కన్నా ముందు వీడియోల్లో వినిపిస్తోంది, అదీ వంకరగా. ఆ వంకర మాటలకు చోటు దొరకడానికి మన వైద్యుల మౌనం కూడా కారణమని నా అభిప్రాయం.

క్రియాటినిన్ చూసి సిస్‌ప్లాటిన్ వద్దన్నప్పుడు విశాఖ దగ్గరి అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా ఆ ఇంటివాళ్లు డాక్టరును రెండు విషయాలు అడగాలి. కార్బోప్లాటిన్ లాంటి వేరే మందు పడుతుందా? రేడియేషన్‌తో పాటు, గడ్డ దగ్గర ఉష్ణోగ్రత కొలుస్తూ వేడి ఇచ్చే కేంద్రానికి రాసిస్తారా? జవాబు ఏదైనా, మొదలుపెట్టిన కరెంటు (రేడియేషన్) మధ్యలో ఆపకూడదు. బయటి నుంచి ఇచ్చేది, లోపల పెట్టేది కలిపి రేడియేషన్ మొత్తం ఎనిమిది వారాల్లో పూర్తవ్వాలి. అంతకుమించి సాగితే గడ్డ తిరిగొచ్చే ముప్పు పెరుగుతుంది.